తాత పని రాసిపెట్టండి: విశాఖలో ఉంటున్న పల్లె మనవలకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలో స్థిరపడిన పల్లెటూరి మనవలకు, మనవరాళ్లకు,

నమస్కారం.

ఊళ్లో తాత పోతే రాత్రికి రాత్రి ఫ్లెక్సీ లేస్తుంది. పెద్దకర్మ నాటికి పేపర్లో ఫొటో పడుతుంది. కాస్త ఓపికా డబ్బూ ఉన్నవాళ్లు ముప్పై నలభై పేజీల చిన్న పుస్తకం అచ్చువేయించి భోజనాల దగ్గర పంచుతారు. తప్పులేదు. కానీ వాటిలో మాటలు చూడండి: నీతికి నిలువుటద్దం, పదిమందికి అన్నం పెట్టిన చెయ్యి, మచ్చలేని మనిషి. పేరూ ఫొటో మార్చి పక్క ఊరి తాతకి పెట్టినా అతికినట్టు సరిపోతాయి. చోడవరం దగ్గర చెరకు వేసిన తాతకీ, భీమిలి దగ్గర జీడితోట కాసిన తాతకీ, మాడుగుల కొండకింద చోళ్లు చల్లిన తాతకీ ఒకే వాక్యం చాలుతోందంటే, ఆ వాక్యంలో ముగ్గురిలో ఎవరూ లేరు.

పల్లె పెద్దలు చెప్పింది విని, రాసి, అచ్చుకి సిద్ధం చేసే పనిలో ఉన్నవాళ్లం మేము. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. తాత ఎంత మంచివాడో రాయడం కాసేపు పక్కనపెట్టి, ఆయన ఏ పని ఎలా చేశాడో రాయండి. వీలైతే ఆయన మంచం మీద కూర్చుని మాట్లాడగలిగినప్పుడే.

అసలు చిక్కు ప్రశ్నల దగ్గరే వస్తుంది. "తాతా, నీ జీవితం గురించి చెప్పు" అంటే ఏ తాతైనా "ఏటుంది చెప్పడానికి, కష్టపడ్డాం, బతికాం" అని ఊరుకుంటాడు. "బెల్లం ఎలా వండేవారు?" అన్నా అంతే, "బాగానే వండేవోళ్లం" అంటాడు. "పెనంలో సున్నం ఎప్పుడు వేసేవారు?" అనండి, మనిషి లేచి కూర్చుంటాడు. రసం పొంగుకి రాకముందు పైకి తెట్టు తేలుతుందనీ, సున్నపు తేట పడితే ఆ మురికి విరిగి గడ్డకట్టి జల్లిగరిటెకి వస్తుందనీ, సున్నం తగ్గితే అచ్చు సరిగా గట్టిపడదనీ, ఎక్కువైతే బెల్లం నల్లబడి అనకాపల్లి మార్కెట్లో ధర పడిపోతుందనీ వరసగా చెప్పుకొస్తాడు. నరికిన చెరకు రెండు రోజులు గట్టు మీద ఎండితే పాకం ఎందుకు మొండికేస్తుందో అడగండి. పాకం అయిందని దేన్నిబట్టి తెలిసేదో అడగండి. చన్నీళ్లలో చుక్క వేసి, వేళ్లతో ఉండ చుట్టి చూపిస్తాడు. ఆ వేళ్ల కదలికని వీడియో తీయండి, ఆడియోలో అది దొరకదు. పొయ్యిలోకి పిప్పి ఎగదోసేది ఎవరు, పాకం కలిపేది ఎవరు, రాత్రి కాపలా ఎవరిది, కూలి డబ్బులా బెల్లమా? సుమారుగా బండెడు చెరకుకి ఎంత బెల్లం దిగేది? బరువులో పదోవంతు దిగితే మంచి చెరకే. అంతకు బాగా ఎక్కువ చెప్పాడంటే గొప్ప చెబుతున్నాడని కాదు, ఆయన బండి లెక్క మీ బండి లెక్క ఒకటి కాదని. బండి ఎంత పట్టేదో మళ్లీ అడగండి.

ఇదే పద్ధతి మిగతా పనులకీ. నాగలి గురించి అడిగితే ఏ కర్రతో చేయించారు, మేడి ఎత్తు ఎవరి కొలతకి పెట్టారు, కర్రు అరిగితే ఎన్నాళ్లకోసారి కొలిమికి పంపేవారు, కమ్మరికి ఏడాదికి ధాన్యం ఎంత కొలిచేవారు. నీళ్ల గురించైతే గెడ్డకి కట్టు వేసేది ఏ కార్తెలో, చెరువు మదుము తెరిచే హక్కు ఎవరిది, ఏతం మీద ఎంతమంది, ఒక పూటకి ఎన్ని సెంట్లు తడిసేది. "ఎందుకు" అని అడిగితే పెద్దవాళ్లు సంజాయిషీ అడిగినట్టు ముడుచుకుంటారు. "ఎప్పుడు, ఎంత, ఎవరు, చెడితే ఏం చేసేవారు" అని అడగండి. నాలుగోది మరీ ముఖ్యం. పని తెలిసినవాడికి అది చెడిపోయే దారులన్నీ తెలుస్తాయి.

ఇక తేదీలు. చాలామంది తాతల ఆధార్ కార్డులో పుట్టినరోజు జనవరి 1 అని ఉంటుంది. వయసు ఉజ్జాయింపుగా చెప్పినవాళ్లకి పడే తేదీ అది. దాన్ని పుస్తకంలోకి ఎక్కించకండి. ఈ ప్రాంతంలో కాలాన్ని పట్టుకోవడానికి గట్టి మేకులు ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. పట్నం ఖాళీ అయి జనం పల్లెలకి పరిగెత్తారు. అప్పటికి పశువులు కాసే ఈడా, చంకలో పిల్లాడా అని అడిగితే పుట్టిన ఏడు రెండు మూడేళ్ల తేడాలో తేలిపోతుంది. ఆ తర్వాత పుట్టినవాళ్లకి 1957 ఏప్రిల్ 1 ఉంది, అణాలు పోయి నయా పైసలు వచ్చిన రోజు. 1966 ఉక్కు ఉద్యమం ఉంది. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారానికి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు, అదే ఏడు డిసెంబరు యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరంలోనే మునిగింది, ఊళ్లలో దీపాలు ఆర్పించిన రాత్రులు చాలామందికి గుర్తే. గాలివానల దగ్గర మాత్రం జాగ్రత్త. 1977 నవంబరు ఉప్పెన దివిసీమది. మన తాతలు "పెద్ద గాలివాన" అంటే అది వేరే ఏడాదిది కావచ్చు. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ కూడా అప్పుడే పాతవాటితో కలిసిపోతోంది. వరి పొట్ట మీద ఉందా, కోత అయిందా, కడుపుతో ఉన్నది ఎవరు అని అడిగి తేల్చుకోవాలి.

తెలుగు సంవత్సరం పేరు చెప్పే తాత దొరికితే మీ పంట పండినట్టే. చిత్రభాను అంటే 1942-43, సర్వజిత్తు 1947-48, దుర్ముఖి 1956-57. ఇక్కడే అందరూ జారిపడతారు: సంవత్సరం ఉగాదికి మారుతుంది కాబట్టి సర్వజిత్తు పుష్యంలో పుట్టినాయన 1947లో పుట్టినట్టు కాదు, 1948 జనవరి, ఫిబ్రవరి ప్రాంతం. కార్తెలు ఇంకా నమ్మకం. అవి సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి, ఏటా తేదీలు మారవు. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో, ఆరుద్ర 21, 22 తేదీల్లో వస్తాయి. "ఆరుద్రలో నారు పోస్తుండగా మీ నాన్న పుట్టాడు" అంటే దాదాపు పక్షం రోజుల్లోపు తేదీ చేతిలో పడ్డట్టే.

పేర్ల సంగతి ఈ జిల్లాలకే ప్రత్యేకం. సింహాచలం అప్పన్న, పైడితల్లి అమ్మవారి చలవ వల్ల ఒక్క ఊళ్లోనే పదిమంది అప్పలనాయుళ్లు, అరడజను సింహాచలాలు, వీధికో పైడితల్లి ఉంటారు. "అప్పారావు దగ్గర ఎడ్లు కొన్నాను" అని తాత చెప్తే ఏ అప్పారావో ఆ క్షణమే అడగాలి. ఇంటిపేరు, తండ్రి పేరు, ఇల్లు ఎక్కడ, ఊళ్లో పిలిచే పేరు, నాలుగూ రాసుకోండి. రేపు అడగొచ్చులే అనుకుంటే ఆ రేపు తాతే ఇంకో అప్పారావు పేరు చెప్తాడు.

కొలతలని కిలోల్లోకి మార్చి రాసేవాళ్లని చూస్తే మాకు ఒళ్లు మండుతుంది. ఆయన కుంచం అంటే కుంచమనే రాయండి, మీ లెక్క పక్కన వేరుగా పెట్టండి. పుస్తకాల లెక్క ప్రకారం రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. కానీ ఊరు మారితే కుంచం మారుతుంది. ఇంట్లో పాత ఇత్తడి కుంచం ఉంటే వంటింటి కాటా మీద ఖాళీగా ఒకసారి, అంచుదాకా నీళ్లు పోసి ఒకసారి తూచండి. తేడా ఎన్ని కిలోలైతే అన్ని లీటర్లు. చెక్క కుంచమైతే నీళ్లు పోయొద్దు, బియ్యం పోసి, ఆ బియ్యాన్ని లీటరు డబ్బాతో కొలవండి. రాశిగా పోసి కొలిచేవారా, చేత్తో చదును చేసేవారా అన్నది అడగడం మర్చిపోవద్దు. అప్పు ఇచ్చేటప్పుడు చదును, తీసుకునేటప్పుడు రాశి అయిన షావుకార్ల కథలన్నీ అక్కడే ఉన్నాయి. బరువుల్లో వీశె అంటే 120 తులాలు, సుమారు కిలో నాలుగు వందల గ్రాములు. ఎనిమిది వీశెలు మణుగు, పదకొండు కిలోల పైచిలుకు. ఉత్తరాది మణుగు ముప్పై ఏడు కిలోలు దాటుతుంది కాబట్టి ఎవరైనా "మణుగు" అంటే ఎన్ని వీశెలని అడగండి.

రికార్డింగ్‌కి కొత్త యంత్రాలేమీ కొనక్కర్లేదు, ఫోను చాలు. ముందు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మధ్యలో కాల్ వస్తే కొన్ని ఫోన్లలో రికార్డింగ్ అక్కడే తెగిపోతుంది, తాతా అక్కడే ఆగిపోతాడు. ఫోన్‌ని మడతపెట్టిన తువాలు మీద, ఆయన నోటికి అడుగు, అడుగున్నర దూరంలో, మైకు ఆయనవైపు ఉండేలా పెట్టండి. నేరుగా నులక మంచం మీద పెడితే ఆయన కదిలినప్పుడల్లా కిర్రుమనే చప్పుడే వినిపిస్తుంది. ఫ్యాను ఆపాలి. ఎండాకాలం మధ్యాహ్నం అది కుదరదు గనక పొద్దున్న టీ తాగాక కూర్చోండి. టీవీ, కుక్కరు, పక్కింటి మైకుసెట్టు, మూడూ చూసుకోండి. ముప్పావుగంట దాటితే పెద్దవాళ్లు అలిసిపోయి "అవును, అవును" అనడం మొదలుపెడతారు. ఆ అవునులకి విలువలేదు, ఆపేయండి. మామూలు ఫోను రికార్డరులో గంటకి అరవై ఎంబీ లోపే అవుతుంది, నాణ్యత తగ్గించి చోటు మిగుల్చుకోవాల్సిన అవసరం లేదు. ఫైలుకి ఆ సాయంత్రమే తేదీ, ఊరు, తాత పేరు పెట్టండి. ఫొటోలు, వీడియోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగి చిన్నవైపోతాయి, డాక్యుమెంటుగా పంపండి. ప్రతులు మూడు ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. హుద్‌హుద్ నాడు ఇంట్లోకి వాన కొట్టి బీరువాలు తడిసినవాళ్లకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

విన్నది కాగితం మీద పెట్టడానికి గంట మాటకి నాలుగైదు గంటలైనా పడుతుంది. పెట్టేటప్పుడు ఆయన భాషని దిద్దకండి. "ఎల్లిపోనాడు" అంటే "వెళ్లిపోయాడు" అని, "ఏటి" అంటే "ఏమిటి" అని మార్చే హక్కు మనకి లేదు. ఇక్కడికి దగ్గర్లోనే పర్లాకిమిడిలో కూర్చుని గిడుగు రామమూర్తి పంతులు సవరలనే గిరిజనుల మాటని వాళ్లు పలికినట్టే విని రాసుకున్నారు. సొంత తాత మాటకి మనం ఆపాటి మర్యాద ఇవ్వలేమా?

తాత ఒక్కడి మాటే నమ్ముకోవద్దు. మామ్మని విడిగా, తాత లేనప్పుడు అడగండి. ఆయన పక్కనుంటే ఆవిడ "ఆయనకే తెలుసు" అంటుంది, లేనప్పుడు మూడు వంతులు సరిదిద్దుతుంది. నాట్లకి ఎంతమంది వచ్చారు, విత్తనం ఏ కుండలో ఏ ఆకు వేసి దాచారు, ఏ ఏడు పుస్తెలు తాకట్టు పెట్టారు, ఇవన్నీ ఆవిడ లెక్కలు. తాత దగ్గర కంబారిగా, అంటే పాలేరుగా, చేసిన మనిషి బతికుంటే ఆయన గుమ్మానికి మీరే వెళ్లండి, మీ అరుగు మీదకి పిలిపించొద్దు. ఏడాదికి ఎంత ధాన్యానికి ఒప్పుకున్నారు, పండక్కి బట్టలు పెట్టేవారా, జ్వరమొస్తే కూలి కోసేవారా అని అడగండి. పుస్తకంలో రైతు తాత ఒక్కడే పొలమంతా దున్నినట్టు రాస్తే ఊళ్లో చదివినవాళ్లు నవ్వుతారు. ఆ కంబారి చెప్పింది తాతకి నచ్చని మాటైతే? వేసే ముందు చెప్పినాయన్ని అడగండి, ఒప్పుకుంటే వేయండి. తాత వైపు నుంచి జవాబుంటే దాన్నీ పక్కనే వేయండి.

తాత అప్పటికే పోయి ఉంటే పెద్దకర్మ దాకా ఉండే ఆ పది పదిహేను రోజులే అదను. తమ్ముళ్లు, ఆడపడుచులు, పొలంగట్టు పక్క రైతులు అందరూ ఒకే చూరు కింద ఉంటారు. ఏడుపులు తగ్గాక, సాయంత్రాలు, ఒక్కొక్కరితో విడిగా కూర్చోండి. గుంపులో గట్టిగా మాట్లాడేవాడి కథే అందరి కథ అయిపోతుంది. ఆ హడావుడిలో ఇంకో మాట: మరణం 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, అదీ చనిపోయిన చోట. పట్నం ఆస్పత్రిలో పోయిన తాతని ఊరి పంచాయతీలో నమోదు చేయరు. ఆ కాగితంలో పేరు, తండ్రి పేరు భూమి కాగితాల్లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్కడికక్కడే చూసుకోండి.

భూమి కాగితాలంటే ఆస్తి తగాదాలే గుర్తొస్తాయి గానీ, తాత జీవితానికి అంతకంటే మంచి సాక్షులు లేరు. అడంగల్‌లో ఏ ఏడు ఏ పంట, నీటి ఆధారం ఏమిటి అన్నది ఉంటుంది. జమీందారీ ఊరైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే సెటిల్‌మెంటులో తయారైన ఫెయిర్ అడంగల్‌లో ముత్తాత పేరు దొరకొచ్చు. 1984లో కరణాలూ మునసబులూ పోయారు, 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, 1979లో విజయనగరం జిల్లా, 2022లో అనకాపల్లి జిల్లా వచ్చాయి. అందుకని ఒకే పొలం నాలుగు కాగితాల్లో నాలుగు చిరునామాలతో కనిపిస్తే కంగారుపడొద్దు. రీసర్వే అయిన ఊళ్లలో సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు ఇస్తున్నారు. పాత నంబరు దాని పక్కనే రాసిపెట్టుకోకపోతే పదేళ్ల తర్వాత తాత చెప్పిన "మర్రిచెట్టు మడి" ఏదో ఎవరూ చూపించలేరు. కాగితాలన్నీ ఫొటో తీసి దాచుకోండి గానీ, పంచే పుస్తకంలో మాత్రం ఆధార్, సంతకం, వేలిముద్ర అచ్చు వేయొద్దు.

ఉక్కు కర్మాగారం కింద ఊరు పోయిన తాతల సంగతి వేరు. అగనంపూడి, పెదగంట్యాడ, వడ్లపూడి నిర్వాసిత కాలనీల్లో ఉన్న మనవలు ఇది రేపటికి వాయిదా వేయొద్దు. ఊరే లేనప్పుడు వెళ్లి చూసి సరిచూసుకునే వీలు లేదు. చార్టు కాగితం పరిచి, అమ్మవారి గుడి మధ్యలో పెట్టి, "గుడికి వీపు పెట్టి నిలబడితే కుడిచేతి పక్క మొదటి ఇల్లెవరిది?" అని మొదలుపెట్టండి. మ్యాపు గీయమంటే గీయలేనివాళ్లు కూడా నడిచినట్టు చెప్పమంటే వీధి చివరిదాకా చెప్పేస్తారు. నుయ్యి, చెరువు, కల్లాలు, శ్మశానం, సముద్రానికి దిగే దారి గుర్తుపెట్టండి. అదే ఊరి ఇంకో ఇద్దరితో విడిగా ఇంకో రెండు కాగితాలు గీయించి ఒకదానిమీద ఒకటి చూడండి, తేడా వచ్చిన చోటే మళ్లీ అడగండి. ఆర్ కార్డు (నిర్వాసితులకి ఇచ్చిన కార్డు) ఉంటే రెండువైపులా స్కాన్ చేయండి.

ఫొటోల గురించి క్లుప్తంగా. చిన్న ఫొటో 600 డీపీఐలో, కాగితాలు 300లో స్కాన్ చేస్తే చాలు. సముద్రపు చెమ్మకి ఫొటో అద్దానికి అంటుకుపోయి ఉంటే పీకొద్దు, అద్దంతోనే స్కాన్ చేయించండి. లామినేషన్ అసలే వద్దు. వెనక పేర్లు రాయాలంటే పెన్సిలుతో, మెత్తగా. దండలూ బొట్టూ పెట్టే గోడ ఫొటోకి నకలు వాడి, అసలుది పొడిగా దాచండి. గుంపు ఫొటోలో మనుషులకి నకలు మీద నంబర్లు వేసి, ఎవరెవరో పేర్లు విడిగా రాయండి.

ఫొటోలకంటే ముందు పోయేవి వేరే ఉన్నాయి. చెరకు తోలిన రసీదులు, పంచాంగం అంచున రాసుకున్న అప్పులు, ధాన్యం గది తలుపు వెనక సుద్దతో గీసిన బస్తాల లెక్క, దూలానికి బొగ్గుతో రాసిన ఆవు ఈనిన తేదీ. పండక్కి ముందు సున్నాలు వేస్తే ఒక్క పూటలో అన్నీ పోతాయి. కాబట్టి ఈ సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు ఇంట్లో వాళ్లకి ఇప్పుడే ఫోన్ చేసి, సున్నం కలపకముందే ఆ తలుపు వెనక భాగం, ఆ దూలం పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయమనండి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ ఇల్లు సంతలా ఉంటుంది, రికార్డింగ్ పెట్టుకోవద్దు. ముక్కనుమ మర్నాటికి అల్లుళ్లూ కోడళ్లూ బస్సులెక్కేస్తారు. ఆ రోజుకి సెలవు ఇప్పుడే పెట్టుకోండి, తిరుగు టికెట్ మర్నాటికి తీసుకోండి. మొదటి ప్రశ్న సున్నం గురించి అడగండి, చెరకు రైతు కాకపోతే విత్తనం గురించి.

ఇట్లు,
పల్లె పెద్దల జీవితాలు రాసిపెట్టే పనిలో ఉన్నవాళ్లం,
విశాఖపట్నం